రేవు దాటబోయిన నూలుమర

"ఇద్దర్ని పంపాను సైలాస్. ఒకడు మిల్లు నీటిచక్రం కింద తేలాడు. రెండోవాడు ఇంకా తేలలేదు," అన్నాడు చీఫ్ గ్రీన్‌హాల్.

ఏజెంట్ సైలాస్ లెక్క వేసుకున్నాడు. మూడోవాడు తనే.

లాంకషైర్ ఏటి నీటితో తిరిగే నూలుమర రహస్యాన్ని ఫ్రెంచి ముఠా ఎత్తుకుపోతోంది. మర గానీ, నక్షా గానీ, దాన్ని కట్టగల పనిమంతులు గానీ దేశం దాటకూడదని చట్టం. మధ్యాహ్నం ఆటుపోటుకి ఆ ముఠా ఓడ లివర్‌పూల్ రేవు వదులుతుంది. రహస్యం పోయిందంటే ఇక్కడి మిల్లులు మూతపడతాయి. సైలాస్ చెల్లెళ్ళు ముగ్గురికీ ఆ మిల్లులే కూడు పెడుతున్నాయి.

"రేవులో మన డబుల్ ఏజెంటుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో వర్తకుడి విధవ, మదాం దెల్ఫీన్. కోడ్ 'ముతక ఉన్ని'. ఆవిడ చూపించినవాణ్ణి పట్టుకో."

మూటలు మోసే కూలీ వేషంలో వెళ్ళాడు సైలాస్. పట్టుగౌనులో ఆమెని చూడగానే మూట దించి దగ్గరికి వెళ్ళాడు.

"ముతక ఉన్ని," అంది ఆమె విసనకర్ర చాటునుంచి. "అదిగో, గోధుమరంగు కోటు రైతు. నక్షాలు అతని పెట్టెలో ఉన్నాయి."

సైలాస్ పెట్టె బద్దలు కొట్టాడు. అంతా చీజే.

"ఏం బాబూ, చీజ్ తినడం కూడా రాజద్రోహమేనా?" అన్నాడు రైతు.

సైలాస్ వెనక్కి తిరిగాడు. ఓడ తాళ్ళు విప్పుతున్నారు. ఓడ పైన దెల్ఫీన్ కెప్టెన్‌తో ఏదో చెబుతోంది. మాట వినబడట్లేదు గానీ, పెదవులు ప్రతి మాటనీ సాగదీసి విడివిడిగా పలుకుతున్నాయి. సైలాస్‌కి ఆ తీరు తెలుసు. అతనూ పదేళ్ళు మిల్లులో నలిగినవాడే. ఆ రొదలో గొంతు వినబడదు, అందరూ పెదవులతోనే మాట్లాడుకుంటారు. ఆ అలవాటు చచ్చినా పోదు.

గబగబా పీపా ఎక్కి, ఆమె తనవైపు చూడగానే చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు.

"నీ దారం తెగింది."

ఆమె చెయ్యి చటుక్కున ముందుకొచ్చింది. తెగిన దారం అతికే మిల్లు కూలీలా, లేని దారాన్ని వేళ్ళు మెలిపెట్టాయి. మరుక్షణం ముఖం పాలిపోయింది.

ఆఖరి తాడు జారుతుండగా సైలాస్ ఓడలోకి దూకాడు. కెప్టెన్ పిస్తోలు పేలింది. గుండు చెవి పక్కగా పోయింది. ఆమె నడుం పట్టుకుని గట్టుమీదికి తిరిగి దూకాడు.

"నక్షాలేవి?"

"నాకెందుకయ్యా నక్షాలు?" ఫ్రెంచి యాస ఎగిరిపోయి మిల్లుల ఊరు బోల్టన్ యాస బయటపడింది. "పెగ్గీ హార్డ్‌మన్ నా పేరు. ఆ మరని ఎనిమిదేళ్ళు తుడిచా, విప్పా, బిగించా. ప్రతి చక్రం, దాని ప్రతి పన్నూ ఇక్కడుంది," అని నుదురు తట్టుకుంది.

రేవు కచేరీలో చీఫ్ ఎదుట గుమాస్తా నేరం రాయబోయి ఆగాడు. "చట్టం ఆపమన్నది పనిమంతుల్ని కదండీ. ఈవిడ వట్టి కూలి."

"నేనూ అదే అంటున్నా," అంది పెగ్గీ. "మీరెప్పుడైనా నన్ను పనిమంతురాలన్నారా? కూలిదాన్ని ఓడెక్కొద్దని ఎక్కడుంది? వదిలెయ్యండి మరి."

చీఫ్ పళ్ళు నూరాడు. కలం లాక్కుని తనే రాశాడు: 'యంత్ర నిర్మాణంలో నిపుణురాలు.'

ఎనిమిదేళ్ళ చాకిరీకి రాని ప్రమోషన్ పెగ్గీకి బేడీలతో పాటు వచ్చింది.