మార్సెలిన్ మాగ్నెట్

మొదటి రోజే మార్సెలిన్ నన్ను దొంగ అంది.

నేను చేసిందల్లా ఆమె సొరుగులోంచి ఒక మాగ్నెట్ తీయడం. ఫ్లాస్కులో ద్రవాన్ని గిరగిరా తిప్పే తెల్లటి ముక్క. ల్యాబులో అలాంటివి వంద ఉంటాయి.

"అది మా సీనియర్ వెళ్తూ వెళ్తూ నా చేతిలో పెట్టింది. ఆవిడకి ఆవిడ సీనియర్ ఇచ్చింది. ఇంకోసారి ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా."

"పీహెచ్‌డీ చేస్తూ తాయెత్తులు కూడా నమ్ముతావా?"

"కొత్తగా వచ్చిన డాక్టర్ డోర్సీ బ్రూసార్డు నువ్వేగా? నీ క్లాసులో పిల్లలు నిద్రపోతారట. ముందు వాళ్ళని లేపు."

నిజమే, నిద్రపోతారు. మా బేటన్ రూజ్ ఊరి ఉక్కపోతలో మధ్యాహ్నం రెండింటికి రియాక్టర్ల పాఠం చెబితే నేనైనా నిద్రపోతాను. మరుసటి వారం ఆమె వచ్చి వెనక బెంచీలో కూర్చుని, "సార్, మీరు రాసిన మూడో లైను తప్పు" అంది. క్లాసంతా మేలుకుంది. నా పని అయిపోయింది.

మార్సెలిన్ వాళ్ళ నాన్న అల్సీడ్ గిడ్రీ చెరకు రైతు. ఆయన మిల్లు నుంచి బస్తాల కొద్దీ పిప్పి తెచ్చి ల్యాబు మెట్ల దగ్గర దింపేవాడు. ఆమె దాన్ని బొగ్గు చేసేది. రెండు అణువులను అతకడానికి లోకమంతా పల్లాడియం అనే ఖరీదైన లోహం వాడుతుంటే, ఈమె చెరకు బొగ్గు ఏ లోహమూ లేకుండా ఆ పని చేసి పెడుతోంది. దాని మీద ఆమె పరిశోధన పేపరు అచ్చయింది. ఉత్తరాన ఒక యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ కబురు కూడా వచ్చింది.

ఆ సాయంత్రం వాన. ఇద్దరికీ ఒకటే గొడుగు.

"నా ఎడమ భుజం తడిసిపోతోంది."

"కుడి భుజం పొడిగా ఉందిగా? దానికి థాంక్స్ చెప్పు."

"మార్సెలిన్, నీకు ఉద్యోగం వచ్చిన రోజున ఒక మాట అడగాలి."

"ఇప్పుడే అడగొచ్చుగా?"

"ఇప్పుడడిగితే ఇంటర్వ్యూలో తడబడతావు."

"అబ్బో, అంత మాటా!" అంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. గొడుగు మాత్రం ఇటు జరపలేదు.

నా విద్యార్థులకు ప్రాక్టికల్‌గా ఆమె ప్రయోగమే పెడదామనుకున్నాను. జనవరి ఇరవై ఒకటిన కొత్త మాగ్నెట్ వేసి చేశాను. ఏమీ రాలేదు. నాలుగుసార్లు చేసినా అంతే. అయిదోసారి, ఆమె ఊళ్ళో లేని సమయం చూసి, ఆ పాత మాగ్నెట్ వేశాను. చక్కగా వచ్చింది. దాన్ని యాసిడ్‌తో పైపైన తుడిచి, ఆ యాసిడ్‌ని పరీక్షకు పంపితే పల్లాడియం తేలింది. సీనియర్లు ఏళ్ళ తరబడి దాంతో పల్లాడియం తిప్పారు, మాగ్నెట్ మీది తెల్లటి పూతలో పడ్డ గీతల్లో అది ఇరుక్కుపోయింది. పని చేస్తున్నది బొగ్గు కాదు.

అప్పటికి ఇంటర్వ్యూకి వారమే ఉంది. మాగ్నెట్‌ని సొరుగులో ఉన్నచోటే పెట్టేశాను.

మా ల్యాబుల్లో నోట్‌బుక్ పేజీ చింపకూడదు, చేసిన ప్రతి ప్రయోగం తేదీ వేసి సిరాతో రాయాలి. ఆమెకు చెప్పకుండా ఉండగలిగాను గానీ నోట్‌బుక్‌లో రాయకుండా ఉండలేకపోయాను. అలవాటు అలాంటిది.

ఫిబ్రవరిలో ఉద్యోగం వచ్చింది. పరుగెత్తుకుంటూ వచ్చి, "ఊఁ, ఇప్పుడడుగు" అంది.

కడుపులో ఆ సంగతి పెట్టుకుని ఎలా అడగను? "ఒక్క వారం ఆగు" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ వారం నెల దాటింది.

మార్చిలో, ముందే మాటిచ్చిన ప్రకారం, నా క్లాసుకి ఆమెనే పిలిచి తన ప్రయోగం గురించి పాఠం చెప్పమన్నాను. అరవై మంది. చివర్లో డెల్ఫిన్ అనే అమ్మాయి లేచింది.

"మేడమ్, మీ పేపరు చూసి సొంతంగా చేశాను, నాకిది రాలేదు. మాగ్నెట్ కొత్తదే, అంతా శుభ్రంగానే చేశాను."

"మంచి ప్రశ్న. పద, నీతో కలిసి చేస్తా" అంది మార్సెలిన్.

చేసింది. రాలేదు. ఇంకెవరికైనా ఇలా అయిందేమో చూద్దామని నా ప్రాక్టికల్ నోట్‌బుక్ తెరిచింది.

నేను వెళ్ళేసరికి ఆ పేజీ మీద వేలు పెట్టి నిలబడి ఉంది.

"జనవరి ఇరవై ఒకటి మొదలు పల్లాడియం దాకా. నీ రాతే కదా?"

"ఇంటర్వ్యూ అయ్యాక చెబుదామని..."

"ఇంటర్వ్యూ ఫిబ్రవరి మూడు. ఇవాళ మార్చి పన్నెండు."

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నువ్వంటే నాకు ప్రాణం, మార్సెలిన్. ఆ రోజు అడగాలనుకున్నది అదే."

"ఎంత మంచి రోజు చూసుకున్నావు!" అని నవ్వింది. అలాంటి నవ్వు పగవాడికి కూడా వద్దు. "జనవరిలో చెప్పి ఉంటే పేపరు నేనే వెనక్కి తీసుకునేదాన్ని. తప్పెక్కడుందో నేనే పట్టుకున్నానని తలెత్తుకుని చెప్పేదాన్ని. నువ్వు నాచేత పిల్లలకి అబద్ధం పాఠం చెప్పించావు."

పేపరు వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాసింది. నాకు తెలిసే దాచానని అందులో రాయమని బతిమాలాను.

"రాయను. రాస్తే ప్రేమ కోసం చేశాడు పాపం అని నిన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పు నీకు దక్కనివ్వను. ఎవరితోనూ అనకు."

ఉద్యోగం ఇస్తామన్నవాళ్ళు మర్యాదగా వద్దన్నారు. ఆమె ఊరికి వెళ్ళి, మిల్లులో చెరకు రసం తీపి కొలిచే పనిలో చేరింది. అక్టోబరులో మిల్లు ఆడుతుండగా వెళ్ళాను. అల్సీడ్ నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, అన్నంలో వేడి గంబో పులుసు పోయించాడు. వడ్డించింది మార్సెలినే.

"అంతమంది చదువుకున్నవాళ్ళున్నారు, ఒక్కడన్నా మా పిల్లకి ముందే చెప్పాడా? నీకు తెలిసుంటే చెప్పేవాడివి, అబ్బాయ్. వెతుక్కుంటూ వచ్చింది కూడా నువ్వొక్కడివే. మీరిద్దరూ ఒకటైతే నాకంతకంటే ఏం కావాలి?"

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. మార్సెలిన్ నా వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"తిను, చల్లారిపోతుంది" అంది.

మెతుకులు ఏరుకుంటూ తిన్నాను. అల్సీడ్ నా వీపు తట్టి, "మొహమాటపడకు, ఇది నీ ఇల్లే" అన్నాడు.