సబ్‌వేలో కళ్ళజోడు

రాత్రి తొమ్మిది దాటిందంటే స్టేషను ముందున్న సబ్‌వేలోకి ఎవరూ దిగరు. పైన రోడ్డు దాటుతూ బస్సు కింద పడ్డా పడతారు గాని, ఆ మెట్లు మాత్రం దిగరు. కింద ఏదో తిరుగుతుందని పేరు. మురుగు జాలీల మీద టక్... టక్... అని చప్పుడు. నేలబారున చిన్న వెలుతురు. వంగి దేన్నో వెతుక్కునే నీడ.

ఆఖరి రైలు దిగిన గుమాస్తా ఒకడు దాన్ని చూసి, చెప్పులక్కడే వదిలేసి పైకొచ్చి పడ్డాడు. చెప్పుల కోసం మళ్ళీ వెళ్ళలేదు. కొత్తవి కొనుక్కున్నాడు.

"డ్రాయింగు మాస్టారే," అని జనం తేల్చేశారు. "కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు, పాపం."

మాస్టారు పోయి నాలుగు నెలలు. ఎన్నికలు మూడోసారి వాయిదా వేసినప్పుడు ఊళ్ళో పెద్ద ఊరేగింపు జరిగింది. అట్టముక్క మీద తనే ముద్దుగా రాసుకున్న నినాదం పట్టుకుని మాస్టారూ వెళ్ళారు. లాఠీలు లేచాయి. జనం పరుగెత్తి సబ్‌వేలోకి దిగారు. అప్పుడు... లైట్లు ఆరిపోయాయి.

చీకట్లో గొడ్డును బాదినట్టు బాదారని దెబ్బలు తిన్నవాళ్ళన్నారు. పోలీసులు కిందికి దిగనేలేదు, అది తొక్కిసలాట అని పైవాళ్ళన్నారు. ఆ చీకట్లో ఎవరి మొహం ఎవరు చూశారు గనక?

మాస్టారి భార్యను ఊరంతా ఇస్త్రీ అక్క అంటుంది. ఆవిడది లాండ్రీ. ఆస్పత్రిలో మూడు రోజులూ మంచం పక్కనే కూర్చుంది. ఆయనకు మాట లేదు. తెలివి వస్తూ, పోతూ ఉంది. బొటనవేలితో చూపుడువేలిని మాత్రం రుద్దుతూనే ఉన్నారు... రుద్దుతూనే ఉన్నారు. అద్దం తుడుస్తున్నట్టుంటే, కళ్ళజోడు అడుగుతున్నారనుకుంది ఆవిడ. అది దొరికితేగా ఇవ్వడానికి! నాలుగో రోజు ఆ వేళ్ళు ఆగిపోయాయి.

ఆవిడకు మిగిలింది ఒక్క తమ్ముడు. అమ్మ పోయాక చంకనెత్తుకుని పెంచింది. ఇప్పుడు కానిస్టేబులు. రాత్రి భోజనం ఇప్పటికీ అక్క దగ్గరే.

"ఆ రోజు నాకు ఊరవతల వంతెన దగ్గర డ్యూటీ పడిందక్కా. నీ మీద ఒట్టు. నేనుంటే బావ మీద దెబ్బ పడనిచ్చేవాణ్ణా?" అని ఆవిడ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు.

ఆవిడ నమ్మింది. వాణ్ణి నమ్మక ఇంకెవర్ని నమ్ముతుంది?

లాండ్రీలో కూర్చుంటే చాలు, మాస్టారే గుర్తొస్తారు. బట్టలు కలిసిపోకుండా కాలరు లోపల ఆవిడ దారంతో గుర్తు కుడుతుంది, ఇంటికొకటి. సాయంత్రాలు ఆయన బట్టలు వేరుచేసేవారు. ఆవిరికి అద్దాలు మసకబారతాయని కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కాలరు తడిమి చెప్పేవారు — "ఇది డాక్టరు గారిది... ఇది బ్యాంకాయనది... ఇదిగో, మూడు ముడులు, ఒక గీత. మన దొరగారి యూనిఫారం!" దొరగారంటే తమ్ముడే. ఆ గుర్తు వాడొక్కడిదే.

మాస్టారి చావు మీద సోమవారం విచారణ. జడ్జీ గారొకరు వచ్చి అడుగుతారట. ఆవిడ చేతిలో రుజువన్నది ఒక్కటీ లేదు. శనివారం రాత్రి ఆయన పాత కళ్ళజోడు సంచిలో వేసుకుని, ఒంటరిగా సబ్‌వే మెట్లు దిగింది. దెయ్యమైతే మాత్రమేం, మొగుడేగా! కళ్ళజోడిచ్చి, కొట్టిందెవరో అడుగుదామని.

చీకటి. తడి వాసన.

టక్... టక్...

మలుపు తిరిగింది. నేలబారున వెలుతురు. వంగిన నీడ.

"ఏవండీ..." ఆవిడ సంచిలో చెయ్యి పెట్టింది. "కళ్ళజోడు... తెచ్చానండీ..."

చప్పుడు ఆగింది. వెలుతురు మెల్లగా లేచి ఆవిడ మొహం మీద పడింది.

"అక్కా?"

తమ్ముడు! ఒక చేతిలో టార్చీ, ఇంకో చేతిలో ఇనప ఊచ.

"నువ్వట్రా... రోజూ ఇక్కడ తిరిగేది?"

వాడు ఊచ కిందికి దించాడు. "బావ కళ్ళజోడక్కా... దొరికితే నీకిద్దామని. ఈ జాలీల్లోకి పడిందేమోనని..."

ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "పిచ్చి సన్నాసీ! ఊరంతా నిన్ను దెయ్యమంటోందిరా." వాడి తల నిమిరింది. కళ్ళు తుడుచుకుని దగ్గరున్న జాలీ ముందు చతికిలబడింది. "ఉండు, నేనూ వెతుకుతా."

"అక్కడ కాదక్కా. బావ పడింది ఇక్కడ."

అనేశాడు. అన్నాక టార్చీ పక్కకి తిప్పేశాడు.

పైన రోడ్డు మీద లారీ ఒకటి వెళ్ళింది. వంతెన దగ్గరున్నవాడికి... బావ పడిన చోటు...

ఆవిడ లేచి, వాడు చూపించిన జాలీ దగ్గరికొచ్చి కూర్చుంది. వాడి చెయ్యి ఆ సందులో పట్టదు. ఆవిడది పట్టింది. మోచేతి దాకా బురదలో దింపి దేవింది. గాజు తగల్లేదు.

గుడ్డ తగిలింది. మందపాటి పీలిక. కాలరు.

వెలుతురుతో పని లేకపోయింది. బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే ఆ పీలికను పట్టుకుని రుద్దాయి.

మూడు ముడులు. ఒక గీత.

ఊరేగింపు జరిగిన వారం ఉతుకు మూటలో వాడి యూనిఫారం చొక్కా ఒకటి తగ్గింది. ఎలకలు కొట్టేశాయన్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆవిడకు ఇప్పుడు తెలిసింది.

ఆయన కళ్ళజోడు అడగలేదు. మూడు రోజులూ... పేరు చెబుతూనే ఉన్నారు.

"ఏమైనా దొరికిందా అక్కా?" వాడు టార్చీ ఆవిడ వైపు తిప్పాడు.

"లేదురా." ఆవిడ వాడికి వీపు తిప్పి, పిడికిలి సంచిలో పెట్టి, కళ్ళజోడు పక్కన తెరిచింది. "పద. అన్నం చల్లారిపోతోంది."

మెట్లెక్కుతూ మళ్ళీ తనే అంది, మెల్లగా —

"సోమవారం నువ్వూ రావాలిగా. యూనిఫారం నేనే ఇస్త్రీ చేసిస్తా."