దొంగ క్లిక్కులు

"నా యాడ్ మీద రోజూ పొద్దున్నే నొక్కేది ఎవరు? చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

నడుం మీద చేతులు పెట్టుకుని అతని టేబుల్ ముందు నిలబడింది ఆమె. జిప్పులకు రాసే మైనం ఇంకా వేళ్లకు అంటుకునే ఉంది. కింది అంతస్తులో సూట్‌కేసులు, బ్యాగులు బాగుచేసే షాపు ఆమెది. పై అంతస్తులో ఒక టేబులూ, రెండు తెరలూ, నీళ్లు పోయక ఎండిపోయిన ఒక మొక్కా అతనివి. చిన్న షాపులకు ఇంటర్నెట్‌లో యాడ్స్ పెట్టడం, ఎవరొచ్చారు, ఏం చూశారు, కొనకుండా ఎందుకు వెళ్లిపోయారు అని లెక్కలు తీయడం అతని పని. ఆమె అతనికి పెట్టుకున్న పేరు క్లిక్కులబ్బాయి.

"కూర్చోండి మేడమ్. నీళ్లు తాగుతారా?"

"కూర్చోబెట్టి మాట మార్చే ఎత్తులు నా దగ్గరొద్దు."

అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చిందేం కాదు. ఇతని కంటే ముందు యాడ్స్ చూసిన ఒకాయన, ఇంటర్నెట్‌లో ఎవరు వెతికినా మొదటి పేజీలో మొదటి పేరు మీదేనని నమ్మించి డబ్బు తీసుకుని, తర్వాత ఫోను ఎత్తడమే మానేశాడు. అప్పట్నుంచి ఎవరు నవ్వుతూ మాట్లాడినా, ఈ నవ్వు వెనకాల ఏముందా అని చూడటం అలవాటైపోయింది. దానికి తోడు మేనమామ ఒకటే పోరు. "ఈ సెలవుల సీజన్ దాకా చూస్తా. షాపు నిలబడకపోతే తాళం వేసి నా షోరూంకి వచ్చెయ్, కొత్త పెట్టెలు అమ్ముకుందువుగాని" అంటాడు. మోకాళ్లు మొండికేసి ఇంటిపట్టున కూలబడేదాకా నాన్న నడిపిన షాపు అది. దానికి తన చేత్తో తాళం వేయాలంటే ఆమె ప్రాణం ఒప్పుకోదు.

"లెక్కలు చూడ్డం మీరే నేర్పారుగా" అంది. "ఈ ఊళ్లోనే ఒకే చోటు నుంచి బోలెడు క్లిక్కులు. నా వెబ్‌సైట్‌లోకొస్తారు, నా ఫొటో చూస్తారు, పోతారు. ఒక్కడూ ఫోన్ చెయ్యడు. నొక్కినప్పుడల్లా పోయేది నా డబ్బే, మధ్యాహ్నానికల్లా ఆ రోజు యాడ్ డబ్బు హుష్‌కాకి! నిజంగా చక్రం ఊడినవాడు సాయంత్రం వెతికితే నా షాపు కనబడనే కనబడదు."

"నిజమే..."

"ఇంకొకడున్నాడు. యాడ్ నొక్కడు. రోజూ మధ్యాహ్నం నేరుగా సైట్‌కే వచ్చి, నా ఫొటో ఉన్న పేజీలో తిష్ఠ వేస్తాడు. వాడు కచ్చితంగా ఎదురు వీధి రిపేరు షాపువాడే!"

నీళ్లు తాగుతున్న క్లిక్కులబ్బాయికి పొలమారింది. దగ్గుతూనే ఒక తెరని మెల్లగా తన వైపు తిప్పుకున్నాడు.

"ఏం దాస్తున్నారు?"

"ఏం లేదండీ. ఎండ పడుతోంది."

బయట కుండపోతగా వాన కురుస్తోంది.

"రేపట్నుంచి ఆ పొద్దుటి క్లిక్కులు రావులెండి" అన్నాడు, ఆమె చూపు తప్పించుకుంటూ.

"రావని మీకెలా తెలుసు?"

అతను తెర మీదకి వంగాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. ఇంకో రోజైతే ఆ చెవులు ఆమెకు ముద్దొచ్చేవే. ఇదివరకు ఒకటి రెండుసార్లు ముద్దొచ్చాయి కూడా, అది వేరే సంగతి.

అన్నట్టుగానే మర్నాడు ఆ క్లిక్కులు మాయం. సాయంత్రం వరసగా ఫోన్లు మోగాయి. జిప్పు పోయిందని ఒకరు, హ్యాండిల్ విరిగిందని ఒకరు. సంతోషించాల్సింది పోయి ఆమె ఒళ్లు మండిపోయింది. దొంగని పట్టుకుంటాననగానే దొంగతనం ఆగిందంటే, దొంగ ఎవరనుకోవాలి? మెట్లన్నీ ధనధనమని ఎక్కింది.

"మీరే నొక్కించారు కదూ! క్లిక్కులు ఎక్కువ చూపిస్తే మీ గొప్ప."

"మీరు నిజంగా అలాగే అనుకుంటున్నారా?"

"కాదని చెప్పండి." చెప్పవయ్యా బాబూ అని లోపల్లోపల బతిమాలుకుంది కూడా.

"ఒకరికి మాటిచ్చానండీ. చెప్పలేను."

"దొంగలు కూడా ఒకరికొకరు మాటిచ్చుకుంటారు!"

అతని ముఖం వాడిపోయింది. "యాడ్స్ అకౌంటు మీ పేరు మీదే ఉంది, పాస్‌వర్డ్ మార్చుకోండి" అన్నాడు నెమ్మదిగా. "సైట్‌లో నేను ముందు పెట్టిన జిప్పుల రిపేరు పేజీ మాత్రం తీయకండి. ఫోన్లు దాని వల్లే వస్తున్నాయి."

కిందికి దిగొచ్చింది. గెలిచానన్న సంతోషమేదీ? ఏడుపొచ్చింది. ఆ ఉక్రోషమంతా ఒక పాత పెట్టె చక్రం మీద చూపిస్తుంటే ఫోన్ మోగింది.

"ఏమే జిప్పూ, కొంప మునిగింది! మన షాపు పోయింది!"

నాన్న. చిన్నప్పుడు షాపులో జిప్పులు లాగుతూ ఆడుకునేదని ఆయన పెట్టిన ముద్దుపేరు అది.

"పోవడమేంటి నాన్నా, నేను షాపులోనే ఉన్నా!"

"ఇంటర్నెట్‌లో పోయిందే! పొద్దున్నించీ వెతుకుతున్నా. రోజూ మనింటికి టీకొచ్చే నా బ్యాచ్ అంతా వెతికారు. ఒక్కడికీ కనబడట్లేదు!"

"మీరంతా ఎందుకు వెతుకుతున్నారు?"

"రోజూ నొక్కుతాంగా! నొక్కితేనే కదా షాపు పైకొచ్చేది? నువ్వు కత్తెర పట్టుకున్న ఫొటో వస్తుంది. అది చూస్తే షాపులో నీ పక్కన కూర్చున్నట్టే ఉంటుందే నాకు."

ఆమె పక్కనున్న సూట్‌కేసు మీద కూలబడింది. "పైనబ్బాయికి ఇది తెలుసా నాన్నా?"

"తెలుసు. 'మా జిప్పు షాపు' అని టైపు చేస్తాగా, ఆ మాట చూసి పట్టేసి నాకు ఫోన్ చేశాడు. మీరు తప్ప ఇంకెవరు అలా వెతుకుతారండీ అన్నాడు. నొక్కకండి, అమ్మాయికి నష్టం అని మర్యాదగా చెప్పాడు. సరే అన్నాననుకో. కానీ మేం ఆపేస్తే షాపు కిందకి పోదూ? కుర్రాడు, వాడికేం తెలుసు! నీకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నా. తెలిస్తే తిడతావని."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ ఇంటి నుంచి ఎవరు వెతికినా యాడ్ కనబడకుండా చేశాడన్నమాట. తిట్లు మాత్రం నోరు మూసుకుని తాను తిన్నాడు. పరుగున పైకెళ్లింది. తాళం. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆ వారమంతా తాళమే. కింద షాపులో మాత్రం తల ఎత్తే తీరిక లేదు. చివరికి మామయ్య షోరూం నుంచే చక్రాలు ఊడిన పెట్టెలు రిపేరుకొచ్చాయి. ఆయన మళ్లీ తాళం మాట ఎత్తలేదు. ఆ సంతోషం చెప్పుకోవాల్సిన మనిషే పైన లేడు.

"నాన్నా" అంది ఒక పొద్దున, "మీ బ్యాచ్‌కి ఒక పనుంది."

ఆమె ఆ రోజు షట్టరు సగం ఎత్తిందో లేదో, వానలో తడిసి ముద్దై క్లిక్కులబ్బాయి పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్! మీ నాన్నగారి బ్యాచ్‌ని ఆపండి! గంట నుంచీ నా సొంత యాడ్ మీద నొక్కుతూనే ఉన్నారు. నా దుకాణం మూతపడేట్టుంది!"

"ఏమని వెతికారో చూశారా?"

"చూశాను." చెవులు ఎర్రబడ్డాయి. "'యాడ్స్ మనిషి కావాలి, జిప్పు తప్పు ఒప్పుకుంది' అని."

"అయితే అవి దొంగ క్లిక్కులు కాదు. నిజంగానే కావాలి." ఆమె అతని వైపు ఒక అడుగు వేసింది. "మిమ్మల్ని దొంగన్నాను, క్షమించండి. ఆ ఒట్టు పక్కనబెట్టి ఒక్క ముక్క చెప్పేస్తే పోయేదిగా?"

"ఆ ఫొటో చూస్తే షాపులో మీ పక్కన ఉన్నట్టుంటుందన్నారు మీ నాన్నగారు. ఆయన్ని ఎలా పట్టివ్వను? నాకూ అంతే కదా."

"మీకూ అంతేనా?" ఆమె కళ్లు చిట్లించింది. వారం నుంచి పడుకున్న అనుమానం మళ్లీ లేచింది. "అంటే మధ్యాహ్నం నేరుగా వచ్చి తిష్ఠ వేసేది..."

"నేనేనండీ. మీ డబ్బు ఖర్చు కాకూడదని యాడ్ మాత్రం ఎప్పుడూ నొక్కలేదు."

"ఎదురు వీధివాణ్ణి ఎన్ని తిట్లు తిట్టుకున్నానో తెలుసా!"

"అవి నాకే తగిలాయి. అందుకే పొలమారింది."

ఆమె పకపకా నవ్వేసింది. ఆ నవ్వు వెనకాల ఏముందో వెతకాల్సిన పని అతనికి లేకపోయింది. షట్టరు కింద ఇద్దరికీ చోటు చాలక వాన అతని భుజం మీద పడుతోంటే, చెయ్యి పట్టి లోపలికి లాగింది.

అంతలో ఫోన్.

"ఏమే జిప్పూ, దొరికాడా? మా బ్యాచ్ అంతా వేలు ఎత్తి కూర్చున్నాం. ఇంకా నొక్కమంటావా?"

ఆమె పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"ఇంక చాలు నాన్నా. మనిషే వచ్చేశాడు."