నూకరత్నం కుడి చెయ్యి

"అమ్మో! అమ్మో! ఎవరో లాగుతున్నారండీ నా చెయ్యి!"

లాగేవాళ్ళెవరూ లేరు. డాక్టర్ జలీల్ రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు. ఆర్నెల్లుగా జడ కూడా వేసుకోలేని నూకరత్నం కుడి చెయ్యి మాత్రం నడుం దాటి, చెవి దాటి, దానంతటదే ఫ్యాను కేసి లేస్తోంది. చెయ్యి తనది, ఎత్తేది తను కాదు! ఇంతకన్నా ఘోరం ఎక్కడైనా ఉందా?

"భయపడకండమ్మా. మీరు బిగించారు కాబట్టి లేచింది. వదులుగా పెట్టండి, దిగిపోతుంది" అన్నాడు జలీల్.

వదిలింది. దిగిపోయింది. ఆవిడ నోరు మాత్రం తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ఆవిడకొచ్చిన ఫ్రోజెన్ షోల్డర్ అంటే మరేం లేదు. భుజం కీలు చుట్టూ పల్చటి సంచిలాంటి పొర ఒకటి ఉంటుంది. అది వాచి బిగుసుకుపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళంటే దానికి మరీ ఇష్టం. పాత వైద్యం అందరికీ తెలిసిందే: నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్, కీలు వదలడానికి ఎక్సర్‌సైజు. ఇంజెక్షన్ డాక్టరు చేస్తాడు గానీ ఎక్సర్‌సైజు రోగే చెయ్యాలి కదా, అక్కడొచ్చింది తంటా. నొప్పి పుడుతుందన్న భయంతో మనిషి చేతిని ఒంటికి బిగించి పట్టుకుంటాడు. బిగించినకొద్దీ అది ఇంకా పట్టేస్తుంది. అందుకని జలీల్ తన ఇంజెక్షన్‌లో మందుతోపాటు కంటికి ఆనని మిషను గింజల్ని పెట్టాడు. మనిషి చెయ్యి బిగించగానే అవి పసిగట్టి, ఎత్తే కండరాలకి చిన్న కరెంటు ఇస్తాయి. ఎంత బిగిస్తే అంత పైకి లేస్తుంది. కొన్ని వారాలకి వాటంతటవే ఒంట్లో కరిగిపోతాయి.

"అందాకా నేను నలుగురిలోకి వెళ్ళేదెలాగండీ?" అంది నూకరత్నం ఏడుపు గొంతుతో.

"ముందు అది లేవనీవే! లేస్తే చాలు నాకు" అంది పక్కనున్న మంగతాయారు.

మంగతాయారు ఆవిడ ఆడపడుచు, పొన్నలరేవు మండల పరిషత్ అధ్యక్షురాలు. మరదల్ని చేపలపేట మెంబరుగా గెలిపించిందీ ఆవిడే, ఈ కొత్త వైద్యానికి తీసుకొచ్చిందీ ఆవిడే. ప్రేమ లేదని కాదు, ఉంది. కానీ మండలం మీటింగులో ఓటంటే చెయ్యెత్తడం. వదిన దగ్గితే మరదలు ఎత్తాలి, అదీ ఏర్పాటు. మొన్న కుడి చెయ్యి లేవక నూకరత్నం ఎడమది ఎత్తబోతే, "శుభమా అని తీర్మానం చేస్తుంటే ఎడం చెయ్యెత్తుతావా, అప్రాచ్యపుదానా!" అని వదినే దించేయించింది. ఆ తీర్మానం ఒక్క ఓటుతో గంగలో కలిసింది. అప్పట్నించీ ఆ భుజానికి నూకరత్నం కంటే మంగతాయారే ఎక్కువ మందులు వెతికింది.

తర్వాత రోజులు చెప్పనలవి కాదు. సెంటర్లో చెయ్యి లేస్తే మూడు ఆటోలు ఆగాయి. ఇంట్లో మాటామాటా అనుకుంటుంటే లేచింది, మొగుడు ఠారెత్తిపోయి "కొడతావేంటే!" అంటూ వీధిలోకి పరిగెత్తాడు. ఆ భయానికి నూకరత్నం బుద్ధిగా గోడమీద వేళ్ళు పాకించింది, తలుపుకి కట్టిన తాడు లాగింది. మెల్లిగా భుజం వదిలింది. ఒకరోజు తన జడ తనే వేసుకుని అద్దం ముందు ఏడ్చేసింది కూడాను.

సరిగ్గా అప్పుడే మంగతాయారు మీద అవిశ్వాసం పెట్టారు. అవతలి పక్షానికి ఒక్క చెయ్యి తక్కువ.

"ఈసారి నువ్వు చెయ్యాల్సిందేం లేదు. చెయ్యి దించుకుని కూర్చో, అంతే" అంది వదిన.

"అలాగేనండి వదినగారూ."

మీటింగులో అవతలి పక్షం పెద్దమనిషి లేచాడు. "చేపలపేటకి రావాల్సిన మంచినీళ్ళ పైపు అధ్యక్షురాలి వీధికి మళ్ళిపోయిందండి. దానికి చెయ్యెత్తిందెవరనుకున్నారు? సాక్షాత్తూ చేపలపేట మెంబరే!"

హాలంతా గొల్లుమంది. నూకరత్నానికి తల కొట్టేసినట్టయింది. అబద్ధమా అంటే కాదు. వదిన దగ్గింది, తను ఎత్తింది. ఏం ఎత్తిందో ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకున్న ఆడాళ్ళు మొహం మీద అడిగితే గానీ తెలియలేదు.

"అవిశ్వాసాన్ని బలపరిచేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు ఆర్డీవో.

నూకరత్నం కళ్ళు మూసుకుని చేతిని ఒంటికి అదిమిపెట్టింది. హాల్లో ఒక్కసారి కలకలం. కళ్ళు తెరిస్తే వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎటు చూస్తోందా అని తనూ తలెత్తింది. పైన ఉన్నది తన చెయ్యే! గాజులు మోచేతిదాకా జారి ఉన్నాయి. ఆర్డీవో లెక్కపెట్టడం, అవిశ్వాసం నెగ్గిందనడం కూడా అయిపోయాయి.

"నేను కాదండీ! గింజలండీ! నా పిల్లల మీద ఒట్టు!"

మంగతాయారు నమ్మింది. "అది నాకు ద్రోహం చెయ్యదండి. మిషను ఎత్తితే ఓటెలా అవుతుంది?" అని ఆర్డీవోని పట్టుకుంది. ఆయన బుర్ర గోక్కున్నాడు. ఇలాంటిది ఏ రూలులోనూ లేదు. డాక్టరు ఔనంటే మళ్ళీ ఓటు పెడతానన్నాడు. ముగ్గురూ అప్పటికప్పుడే జలీల్ దగ్గరికి వెళ్ళారు.

"బిగించండమ్మా, చూద్దాం" అన్నాడు జలీల్.

నూకరత్నం ఉన్న బలమంతా పెట్టి బిగించింది. చెమటలు పట్టాయి. తల్లీ, లేపు తల్లీ అని లోపల మొక్కుకుంది కూడా. చెయ్యి కదిలితే ఒట్టు.

జలీల్ భుజం మీద స్కానర్ ఆనించి చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "అన్నీ కరిగిపోయాయి! ఆఖరి గింజ పోయి కూడా రెండు వారాలు దాటి ఉంటుంది. ఇంక ఈ చెయ్యి పూర్తిగా మీదేనమ్మా!"

"కాదండీ, సరిగ్గా చూడండీ, ఎక్కడో ఒక్కటన్నా మిగిలుంటుంది" అని బతిమాలింది నూకరత్నం. ఆర్డీవో ఒక దండం పెట్టి బయటికి నడిచాడు.

మంగతాయారు కుర్చీలో కూలబడింది. అరుస్తుందేమోనని చూస్తే అరవలేదు. "బాగు చేయించింది నేనే కదే" అంది. మరదలి భుజం కేసి చూసి, "మరి ఎత్తిందెవరే?" అంది.

తెలీదండి అందామనే నోరు తెరిచింది నూకరత్నం.

"నేనేనండి."

ఆ మాటకి వదిన కంటే తనే ఎక్కువ అదిరిపడింది.

జలీల్‌కి ఇదేం అర్థం కాలేదు. మందుల చీటీ రాస్తూ, "ఎక్సర్‌సైజులు మాత్రం ఆపకండమ్మా. ఆపితే మళ్ళీ పట్టేస్తుంది" అన్నాడు.

"ఆపనండి" అంది నూకరత్నం, వదిన కేసి చూడకుండా.