మిరియమ్మగారి కెటిల్

కంచరపాలెంలో తొలి రైలు కూత వేసేసరికి మిరియమ్మగారి పొయ్యి మీద నీళ్ళు తెర్లుతూ ఉండాలి. అవి చల్లారాక తెల్లగుడ్డలో వడగట్టి బిందెలో పోస్తే తప్ప ఆ ఇంట్లో ఎవరి గొంతూ తడవదు. పెళ్ళికెళ్ళినా ప్రార్థన కూటానికెళ్ళినా ఆవిడ సంచిలో స్టీలు సీసా ఉండాల్సిందే. ఆ సీసాని చూసి నొచ్చుకున్న బంధువులతో ఒక బస్సు నింపొచ్చునని కోడలు ఫ్లోరా లెక్క.

ఆ ఉదయం నీళ్ళతో పాటు మాటలూ మరిగాయి. సాయంత్రం తల్లీకొడుకులు చర్చివాళ్ళతో కలిసి పవిత్ర దేశాల యాత్రకి బయల్దేరాలి. యోర్దాను నదిలో ఒక్కసారి మునగాలన్నది మిరియమ్మగారికి పెళ్ళికి ముందు నుంచీ ఉన్న కోరిక. ఎడ్వర్డు పెట్టె తెరిచి, తల్లి సర్దుకున్న కరెంటు కెటిల్‌ని తీసి బయట పెట్టాడు.

"ఏటమ్మా ఇది? అంత పెద్ద హోటల్లో దిగి నీళ్ళు కాసుకుంటావా? పాస్టరుగారి ముందర నా పరువేటి కావాల?"

"నీ పరువు నా కడుపులో ఉందేటిరా?"

"ఏ దేశంలో కుళాయి నీళ్ళు తాగొచ్చో, ఎక్కడ తాగకూడదో అంతా నెట్‌లో సూసీసినాను. కైరోలో సీసా నీళ్ళే కొంటాం. సరేనా?"

"ఆ నెట్టుకి నా కడుపు తెలుసేటి?"

"అయితే ఆ కెటిల్‌తోనే ఎల్లు. నాను రాను."

మిరియమ్మగారు ఒంటరిగా విమానం ఎక్కలేరని ఆవిడకీ తెలుసు, కొడుకుకీ తెలుసు. కెటిల్‌ని గూట్లో పెట్టేసి చీర చెంగుతో కళ్ళొత్తుకున్నారు.

ఫ్లోరా ఇద్దరికీ కాఫీ ఇచ్చింది. వాళ్ళు తాగేలోగా కెటిల్ మళ్ళీ పెట్టెలోకి చేరింది, యోర్దానులో మునగడానికి కొన్న తెల్లచీర మడతల్లోకి. ఎవరైనా అడిగితే దేవదూత పెట్టాడని చెబుదామనుకుంది.

కొద్ది రోజుల తరవాత ఒక సాయంత్రం కైరో నుంచి వీడియో కాల్ వచ్చింది. మంచం మీద ఎడ్వర్డు ముడుచుకుని పడుకున్నాడు. పక్కన కెటిల్ ఆవిరి కక్కుతోంది.

"ఏమైందత్తమ్మా?"

"ఏటవుద్ది? సీసా మూత సీలు సూసి మరీ నీళ్ళు తాగాడమ్మా మీ ఆయన. ఎండగా ఉందని రోడ్డు పక్కన సెరకు రసం తాగాడు, ఐసేయించుకుని. ఐసంటే నీళ్ళు కాదనుకున్నాడు! డాట్రు మందులిచ్చాడులే, బయపడకు."

మంచం మీంచి మూలుగు వినిపించింది. "అమ్మా, పొద్దున్న బస్సుకి నువ్వు ఎల్లిపో. యోర్దాను తప్పిపోద్ది."

"పాస్టరుగారికి సెప్పీసినాను, మనకోసం ఆగొద్దని. నిన్నిలాగ వదిలీసి నాను నీళ్ళల్లో మునిగితే ప్రభువు నన్ను గుర్తు పడతాడేటిరా?"

ఆ మాట అంటూనే కాచిన నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి, చెంచాతో కొడుకు నోట్లో పోస్తున్నారు. ఇన్నేళ్ళ కోరికని ఎంగిలి గ్లాసు పక్కకి జరిపినంత తేలిగ్గా జరిపేసిన ఆ మనిషిని చూస్తుంటే ఫ్లోరాకి ఫోను తెర మసకబారింది. సిగ్నలు మాత్రం బాగానే ఉంది.

తెల్లారేసరికి ఎడ్వర్డు లేచి నిలబడ్డాడు. బస్సూ ఆలస్యమే అయింది. చెరకు రసం తాగినవాళ్ళు ఇంకా ఉన్నారట, గ్లాసులు పట్టుకుని కెటిల్ ముందు వరస కట్టారట. అందరికన్నా ముందు నిలబడింది పాస్టరుగారే.

మిరియమ్మగారు యోర్దానులో మునిగారు. ఇంటికి ఒక సీసాడు నీళ్ళు తెచ్చారు. పక్కింటి పాపాయమ్మ నెత్తిన చెంగు కప్పుకుని వచ్చి దోసిలి పట్టింది.

"ఒక్క సుక్క పొయ్యి వదినా, పుణ్యముంటాది."

మిరియమ్మగారు మూత తీసేలోగా ఎడ్వర్డు ఆ సీసా అందుకున్నాడు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళు చిన్న గిన్నెలో పోసి పొయ్యి వెలిగించాడు.

"ప్రభువు దిగిన నీళ్ళు కూడా మరగబెడతావేటిరా?" అంది పాపాయమ్మ, గుండెల మీద చెయ్యేసుకుని.

"నీళ్ళు ప్రభువువే అత్తా. సీసా నాను కొన్నది."

మిరియమ్మగారు కొడుకు వీపు వైపే చూస్తూ నిలబడిపోయారు. కళ్ళు తుడుచుకుని, దండెం మీదున్న తెల్లగుడ్డ తీసి అతని భుజమ్మీద వేశారు.

"వడగట్టడం మర్సిపోకు."