తోడడిగిన కాలు

మెరీదా ఊళ్లో మధ్యాహ్నం వాన పడటం వింతేమీ కాదు. ఆ రోజూ అలాగే మబ్బు కమ్మి, వార్డంతా మసకబారింది. తడిసిన సున్నం వాసన, గాయాల మందు వాసన కలిసిపోయాయి. డాక్టర్ ఫెర్మీనా కావిచ్ చేతులు కడుక్కుని, మంచం పక్కకు ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

ఆవిడ రక్తనాళాలకు ఆపరేషన్లు చేసే ప్రొఫెసరమ్మ. రక్తనాళమంటే పొలంలో పిల్లకాలువ అనుకోండి. అది పూడితే ముందు ఎండేది చివరి మడి. మనిషికి ఆ చివరి మడి పాదం. షుగరు జబ్బులో ఏ పాదం దక్కుతుందో, ఏది దక్కదో ముందే చెప్పడమెలా అన్నదే ఆవిడ జీవితమంతా చేసిన పరిశోధన. దేశదేశాల్లో ఉపన్యాసాలిచ్చింది. ఒకప్పుడు కాలు తీసిన రోజు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పడుతోంది. ఏదైనా మనసుకు తగలడమే మానేసి చాలా కాలమైంది.

"చల్లదనం ఎంతవరకు వచ్చింది, పెద్దాయనా?" ప్రతి రోగినీ అడిగే మాటే అడిగింది.

మంచం మీదున్న ముసలాయన నవ్వాడు. పేరు సిరీలో, ఉయ్యాలపడకలు అల్లుతాడు. "మోకాలి దాకా ఎక్కింది, డాక్టరమ్మా. ఉన్న ఈ ఒక్కటీ తీసేస్తే మగ్గం దగ్గర ఎలా నిలబడేది? ఇప్పటికే మా ఆవిడ నన్ను అరకోడి అంటోంది."

ఎడమకాలు పోయినవారమే తీసేశారు. ఇంటివాళ్లు ఆచారం తప్పకుండా దాన్ని తెల్లగుడ్డలో చుట్టి, శ్మశానంలో ఆయనకని ఉంచిన చోటే ఎర్రమట్టిలో పాతిపెట్టారు. మిగతా ఒళ్లు వచ్చేదాకా అది అక్కడ కాచుకుని ఉంటుందట.

"దానికి ఒంటరిగా ఉందట," గొంతు తగ్గించాడు సిరీలో. "రోజూ తోడడుగుతోంది. ఈ కాలు మాత్రం ఇవ్వనన్నాను. ఇంకోటేదైనా పంపుతానన్నాను."

"బాగుంది బేరం," అంది ఫెర్మీనా. ముఖంలో ఏ మార్పూ లేదు.

చీలమండ మీద జిగురుమందు రాసి, పెన్సిలంత యంత్రం ఆనించింది. లోపల రక్తం పారుతుంటే అది సుయ్... సుయ్‌మంటుంది.

ఏమీ లేదు. వాన చప్పుడే.

రేపు తీసేద్దామని చెప్పబోతూ, పాతకాలపు పద్ధతిలో వేళ్లతో నొక్కి చూసింది.

టక్... టక్...

"మేడమ్," శిష్యురాలు నెలీదా వంగి గుసగుసలాడింది. "అది మీ వేలికొసల్లో నాడేమో. గట్టిగా నొక్కితే మన నాడే మనల్ని మోసం చేస్తుందని మీరే చెప్పారుగా."

నిజమే, కొత్తవాళ్లు చేసే పొరపాటది. తేల్చుకోవడం తేలిక. తన నాడి కూడా విని, రెండు లయలూ ఒకటేనేమో చూడాలి. ఫెర్మీనా యంత్రాన్ని తన మణికట్టుకు ఆనించుకుంది.

నిశ్శబ్దం.

కొంచెం పైకి జరిపింది...

నిశ్శబ్దం.

"పాడైందేమో, ఇలా ఇవ్వండి," అంటూ నెలీదా దాన్ని తన మెడకు పెట్టుకుంది. సుయ్... సుయ్... బాగానే ఉంది. తర్వాత సిరీలో చీలమండ మీద పెట్టింది. వరదకాలువలా హోరెత్తింది.

"కాలు దక్కింది, మేడమ్!"

ఫెర్మీనా చేతికంటిన జిగురు తుడుచుకోబోయింది. గుడ్డ తగిలింది. తగిలినట్టు తెలియలేదు... ఇందాకే కడుక్కున్న చెయ్యి. గోళ్ల సందుల్లో ఎర్రమట్టి.

సిరీలో ఆ చేతినే చూస్తున్నాడు. మెల్లగా, అచ్చం ఆవిడ అడిగినట్టే అడిగాడు.

"చల్లదనం ఎంతవరకు వచ్చింది, డాక్టరమ్మా?"