లేని పిట్ట తెచ్చిన తగాదా

“ఆ పిట్టను పుట్టించింది మీరేనా?”

స్టాఫ్ రూమ్ గుమ్మంలో సగం తడిసి నిలబడ్డ అమ్మాయిని చూసి సైన్సు మాస్టారు కాఫీ కప్పు కింద పెట్టాడు.

“ఏ పిట్టండీ?”

“వాన పడితే నీలంగా, ఎండ కాస్తే పచ్చగా మారే పిట్ట!”

మాస్టారికి నవ్వు ఆగలేదు. నెట్‌లో కనిపించిందల్లా నమ్మకూడదని పిల్లలకు నేర్పడానికి, దొంగ ఫొటోలతో సహా ఆ పిట్ట మీద నెట్‌లో పేజీ తయారుచేసింది అతనే. రాసిందెవరు, వాళ్లకెలా తెలుసు, ఇంకెవరైనా చెప్పారా అని పిల్లలు ఆరా తీయాలి.

“కొంపదీసి మీరు నమ్మేశారా?”

“నమ్మి, మా పత్రికలో పిల్లల పేజీకి ఎక్కించాను. సబ్‌ఎడిటర్ని. రేపోమాపో ఉద్యోగం ఊడుతుంది. మీరు తీరిగ్గా నవ్వండి!”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్టారి నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

“మీ ఎడిటర్‌తో నేను మాట్లాడతాను. ఈ ఒక్క క్లాసూ అవనివ్వండి.”

మనిషి జారుకుంటాడేమోనని ఆమె కూడా వెళ్లి చివరి బెంచీలో కూర్చుంది. పిల్లలు పేజీ చూసి పగలబడి నవ్వారు.

“సార్, దీన్ని ఎవరైనా నిజంగా నమ్ముతారా?”

మాస్టారు నోరు విప్పేలోపే ఆమె లేచి నిలబడింది. “నేను నమ్మాను.”

“ఎందుకక్కా?”

“అలాంటి పిట్ట ఉంటే ఎంత బాగుంటుందో అనిపించింది. నచ్చిన మాట కదా, ఇంకెవర్నీ అడగబుద్ధి కాలేదు.”

నవ్విన పిల్లలే ఆ మాట పుస్తకాల్లో రాసుకున్నారు. మాస్టారు గొంతు చించుకున్నా చెప్పలేని పాఠం ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. అతను ప్రేమలో పడింది అప్పుడే.

“అది పాఠం కోసం చేసిందని పేజీలో రాయకపోవడం నా తప్పు” అని క్లాసయ్యాక ఎడిటర్ ముందు ఒప్పుకున్నాడు. ఎడిటర్ కాసేపు చిందులు తొక్కి, జరిగింది జరిగినట్టు పత్రికలో రాయమని ఆమెతో చెప్పి వదిలేశాడు. ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత ఏదో ఒక వంకతో ఆమె స్కూలుకు వస్తూనే ఉంది.

ఒక సాయంత్రం వరండాలో వాన చూస్తూ మాస్టారు ధైర్యం కూడగట్టుకున్నాడు. “మీరంటే నాకిష్టమండీ.”

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. “నచ్చిన మాటే. అందుకే ఈసారి ఇంకొకర్ని అడగాలి. మీ అక్క నంబరివ్వండి.”

మాస్టారు తప్పదన్నట్టు నంబరు చెప్పాడు. ఒకే ఇంట్లో ఉంటున్నా అక్క ఏనాడూ అతన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఆమె వరండా చివరిదాకా వెళ్లి, ఫోన్లో నవ్వుతూ మాట్లాడి తిరిగొచ్చింది. “మీరు వట్టి మొండి మనిషట. విడిచిన బట్టలు ఎక్కడివక్కడేనట. కోపమొస్తే అన్నం మానేస్తారట.”

“అయిపోయింది” అని గొణిగాడు మాస్టారు.

“ఇంట్లో ఎప్పుడూ మీ నోట నా గోలేనట, అక్కగారు వినలేక చస్తున్నారట. ఆదివారం భోజనానికి రమ్మన్నారు.”

“మీరేమన్నారు?”

ఆమె వానకేసి తిరిగింది.

“‘తప్పకుండా వస్తాను, వదినా’ అన్నాను.”